దంతధావనము: మరచిన రెండవ వేళ

పుదుచ్చేరి పట్టణమునకు దక్షిణదిశను, రేవునకు సమీపమున, ఉప్పళమను పేట కలదు. అరవభాషలో ఆ మాటకు ఉప్పు పండెడు చోటని అర్థము. నేడు ఆ పేరు చెప్పినంతనే పట్టణవాసులకు స్ఫురించునది అచ్చటి క్రీడాప్రాంగణము. ఉప్పు పేరులో మాత్రము నిలిచియున్నది. గోదావరీతీరమునందలి యానాం పుదుచ్చేరి ప్రభుత్వమునకు లోబడినదే కావున, చదువునకో ఉద్యోగమునకో వచ్చి ఈ పట్టణమున కాపురమున్న తెలుగువారు ఎప్పుడును కొందరుందురు. ఉప్పళమునందలి అట్టి యింట నొకనాడు అమ్మమ్మకును మనుమనికిని జరిగిన సంవాదము నా చెవిని బడెను.

"అమ్మమ్మా, రాత్రి పడుకోబోయే ముందు కూడా పళ్ళు తోముకోవాలట. బడిలో చెప్పారు" అని పిల్లవాడనెను.

"పొద్దున్నే పాచిముఖం కడుక్కోవడం ఎరుగుదును గాని, రాత్రిపూట తోముకోవడమేమిట్రా? పడుకోబోతూ ఎవరికి చూపించాలి?" అని ఆమె నవ్వెను. డెబ్బది యేండ్లు దాటిన ఆమె నేటికిని మెత్తగా నూరిన ఉప్పుతోనే పళ్ళు తోముకొనును. పిమ్మట నా వైపు తిరిగి, "మీరు చెప్పండి స్వామీ, మన శాస్త్రాల్లో రాత్రి తోముకోమని ఎక్కడైనా ఉందా?" అని అడిగెను.

ఉన్నది. ఆ యొక్క మాటతో సంగతి ముగిసెడిదే. కాని ఆమె ప్రశ్నలో మరియొక ప్రశ్న దాగియున్నది: ఎవరికి చూపవలెను? పల్వరుసను శుభ్రపరచుకొనుట ఇతరుల కంటికొరకైనచో రాత్రి తోముకొనుట నిష్ప్రయోజనమే, చీకటిలో నవ్వెడువారెవరు? నేడు తెల్లని నవ్వును వాగ్దానము చేయు ప్రకటనలు ఎక్కడ జూచినను కనబడును. వానిని నమ్మి పళ్ళను అరగదీసికొనువారును, ఈ హడావిడి మనకేల యని పళ్ళను పూర్తిగా ఉపేక్షించువారును, ఇరువురును అమ్మమ్మ వేసిన ఈ చిన్న ప్రశ్న దగ్గరనే దారి తప్పుచున్నారు. కావున దీనిని కొంచెము నిదానముగా విచారింతము.

ముందు మాటను గూర్చి. సంస్కృతగ్రంథములను తెనిగించువారికి ఇచట ఒక చిక్కు ఎదురగును. వైద్యగ్రంథములు ఈ కర్మమునకు దంతధావనమనియు, దంతపవనమనియు పేరులిడినవి. ధావనమనగా కడుగుట, పవనమనగా పవిత్రముచేయుట. తెలుగున మనము పళ్ళను "తోముదుము". గిన్నెలనుగూడ తోముదుము. చింతపండును బూడిదయును వేసి ఇత్తడిచెంబును ఎంత బలముగా రుద్దిన అంత తళతళలాడును. ఆ యలవాటే చేతికి మిగిలి, పళ్ళయెడ గూడ బలమే శుభ్రతయని మనకు తోచును. మాటకు మాట సరిపోయినను చేత సరిపోదు.

పంటికి పైపూతగా నున్న పదార్థమును దంతవైద్యులు ఎనామెలందురు. మన దేహమునందలి పదార్థములన్నిటిలో కఠినమైనది అదియే. వంటపాత్రకు లోపల కళాయి ఎట్టిదో పంటికి ఎనామెలు అట్టిది. అది యున్నంతవరకు లోపలి భాగమునకు భయము లేదు. అయితే పాత్రకు కళాయి పోయిన, కళాయివానిని పిలిచి మరల పూయింపవచ్చును. ఎనామెలును నిర్మించిన కణములు పన్ను చిగురును చీల్చుకొని పైకి వచ్చుసరికే నశించిపోవును. కావున అరిగిపోయిన పూతను దేహము మరల పూయజాలదు. ఇటుకపొడిలోను ఇసుకలోను ఉండు రాతిపలుకులు ఎనామెలుకంటెను గట్టివి. వానితో రుద్దినచో పళ్ళు మొదట తెల్లబడినట్లే కనబడును. పైపూత పలుచబడినకొలది లోపలి పసుపువన్నె పొర బయటికి కానవచ్చును. తెలుపుకొరకు రుద్దినవారికి పసుపే మిగులును. బొగ్గుపొడి పేర నేడు అందమైన డబ్బాలలో అమ్మునవియు గరుకువే గనుక వానిని నమ్ముట మంచిది కాదు.

మరి ఉప్పు? ఉప్పు ఇసుకవలె కఠినము గాదు, నీట కరగును. మెత్తగా నూరిన ఉప్పు ఎనామెలును అంతగా కోయదు. కాని కల్లుప్పు పలుకులు చిగుళ్ళను గీరును. చిగురు దిగి వేరు బయటపడినచోట మరింత బాధించును. గోరువెచ్చని ఉప్పునీట పుక్కిలించుట వాచిన చిగుళ్ళకు ఉపశమన మొసగునన్నది నిజమే. ఉప్పుతో రుద్దుకొన్నంత మాత్రమున నోరు శుభ్రపడునా యన్న ప్రశ్నకు మాత్రము మూడు శతాబ్దములకు పూర్వమే ఒక విచిత్రమైన సమాధానము దొరకినది.

హాలెండు దేశమున డెల్ఫ్టు పట్టణములో లీవెన్‌హుక్ అను బట్టల వర్తకుడుండెను. గాజుపలుకులను సానపట్టి, ఎవరును చూడనంత సూక్ష్మమైన వస్తువులను చూచుట ఆయనకు వ్యసనము. 1683లో ఆయన లండనునందలి రాయల్ సొసైటీకి వ్రాసిన లేఖలో తన పళ్ళను గూర్చియే వ్రాసెను. ఆయన ప్రతిదినము ఉదయమున ఉప్పుతో పళ్ళు రుద్దుకొని నీటితో పుక్కిలించువాడు. ఆయన వయస్సువారిలో అంత శుభ్రమైన పళ్ళు అరుదట. అయినను పళ్ళసందులలో పిండివంటి తెల్లని పదార్థము కొంచెము నిలిచియుండుట చూచి, దానిని వాననీట కలిపి తన కటకముక్రింద నుంచెను. అందులో లెక్కకుమించిన చిన్న చిన్న ప్రాణులు చురుకుగా కదలుచుండెను. మానవుడు సూక్ష్మజీవులను కన్నులార చూచిన తొలి సందర్భములలో ఇదియొకటి. ఉప్పు రుద్దిన నోటిలోనే అవి దొరకినవి. రుద్దుడు పంటి ముఖమును శుభ్రపరచెను. సందులు అట్లే యుండెను.

ఆ తెల్లని పదార్థమునకు మన తెలుగున ఎంత చక్కని పేరున్నదో చూడుడు. దానిని పాచి యందుము. చెరువుమెట్లపై జారునట్లు పట్టు పచ్చని పొరయును పాచియే. ఈ రెండును ఒక్క స్వభావము గలవియే యని నేటి సూక్ష్మజీవశాస్త్రము చెప్పుచున్నది. రెండును తడినేలను అంటిపెట్టుకొని, జిగురును స్రవించుకొని, ఆ జిగురులో గుంపులుగా కాపురముండు సూక్ష్మప్రాణుల పొరలే. మెట్లపై ఎన్ని బిందెల నీరు పోసినను పాచి పోదు, చీపురుతో రాయవలెను. పళ్ళపాచియు అంతియే. పుక్కిలించినంత మాత్రమున అది పోదు, రాయవలెను. అయితే అది మెత్తనిది గనుక మెత్తగా రాసిన చాలును.

దానిని రాయకున్నచో ఏమగును? లాలాజలములోని సున్నపుపదార్థములు అందులో దిగి కొన్ని దినములలోనే గట్టిపడ మొదలిడును. అప్పుడు దాని పేరు గార. ఇదియు ఎంత తగిన మాట! గోడకు పట్టించిన గారవలె అది గట్టిపడి కూర్చుండును. పాచిని మనము తీసికొనగలము; గారను ఇంటిలో ఎవరును తీసికొనలేరు, దంతవైద్యుడు పనిముట్లతో తీయవలసినదే. పిన్నీసుతోను చీపురుపుల్లతోను గీకుకొనువారు చిగురును గాయపరచుకొందురు, గార అట్లే యుండును. పూర్వులు ఈ రెండు మాటలను వేరువేరుగా నిలిపియుంచుటలోనే దినచర్యకు కావలసిన తత్త్వమంతయు ఉన్నది: పాచి గార కాకమునుపే, అనగా ప్రతిదినము, దానిని తొలగింపవలెను.

గారను తీయించుకొన్నచో పళ్ళు వదులగునను భయము మన గ్రామములలోను పట్టణములలోను నేటికిని కలదు. గార చిగురును క్రిందికి నెట్టి ఆ స్థలమును తానాక్రమించును. దానిని తీసిన పిమ్మట ఆ ఖాళీ నాలుకకు తెలియును, చల్లని నీరు కొన్నిదినములు జివ్వుమనిపించును. పంటిని వదులుచేసినది గారయే. వైద్యుడు దానిని బయటపెట్టెను, అంతే. చిగుళ్ళనుండి రక్తము వచ్చినదని కొందరు తోముకొనుటయే మానివేయుదురు. ఇదియు తలక్రిందులైన యుపాయము. రక్తము వచ్చుట చిగురు వాచినదనుటకు గుర్తు. వాపునకు కారణము చాలవరకు అచ్చటి పాచి. మెత్తని బ్రష్షుతో మృదువుగా శుభ్రపరచుచుండిన వారము పదిదినములలో చాలమందికి రక్తము తగ్గును. తగ్గకున్నచో వైద్యునికి చూపవలెను, మధుమేహము కలదేమో యనియు పరీక్షింపించుకొనవలెను. ఆ వ్యాధికిని చిగుళ్ళ వ్యాధికిని ఒకదానినొకటి పెంచుకొను సంబంధము కలదు.

ఇక శాస్త్రము మాట. చరకసంహిత సూత్రస్థానమున ఐదవ యధ్యాయములో దినచర్యలో భాగముగా దంతపవనము చెప్పబడినది. చేదు, కారము, వగరు రుచులుగల చెట్ల పుల్లను, కొనను నమలి కుంచెగా చేసికొని, దినమునకు రెండు వేళల ఉపయోగింపవలెనని అచటి విధి. వాగ్భటుడు అష్టాంగహృదయమున ఆ రెండు వేళలను విడమరచి, ప్రాతఃకాలమునను భోజనానంతరమునను అని చెప్పెను. ఇరువురును ఒక్క షరతును మరువలేదు: చిగుళ్ళకు బాధ కలుగరాదు. సుశ్రుతుడు మరికొంత సూక్ష్మముగా, పుల్ల పండ్రెండంగుళముల పొడవును చిటికెనవ్రేలి లావును గలదై, ముడులు లేనిదై యుండవలెననియు, చేదు చెట్లలో వేపయు, వగరు చెట్లలో చండ్రయు, కారపు చెట్లలో కానుగయు శ్రేష్ఠములనియు, ఒక్కొక్క పంటినే మెత్తని కుంచెతో శుభ్రపరచవలెననియు చెప్పెను. నోరు పూసినవారు, దగ్గు, ఎక్కిళ్ళు, వాంతులు గలవారు అప్పటికి పుల్లను వాడరాదని ఆయన నిషేధము. వాంతియైన వెంటనే పళ్ళు తోమరాదని నేటి దంతవైద్యులును చెప్పుదురు; కడుపులోని ఆమ్లముచే మెత్తబడిన ఎనామెలు ఆ సమయమున సులభముగా అరుగును. అప్పుడు నీటితో పుక్కిలించి అరగంట ఆగవలెను.

ఏడవ శతాబ్దమున చీనాదేశమునుండి వచ్చి నలందలో విద్యనభ్యసించిన ఇత్సింగు తన గ్రంథమున దంతకాష్ఠమునకు ఒక ప్రకరణమునే కేటాయించెను. ప్రతి ఉదయమున భిక్షువులు పుల్ల నమలి, పళ్ళు శుభ్రపరచుకొని, అదే పుల్లను చీల్చి వంచి నాలుక గీసికొనెడివారట. భోజనానంతరము నోరు శుభ్రపరచుకొనుటను గూర్చియు ఆయన వేరుగా వ్రాసెను. అనగా భోజనము తరువాతి శుభ్రత వైద్యగ్రంథములలోని యక్షరములుగా మిగిలిపోలేదు. మఠములలో ఆచారముగా నుండెను.

మన యిండ్లలో ఉదయపు వేళ నిలిచినది, రెండవ వేళ జారిపోయినది. జపమునకు, పూజకు, కాఫీకి ముందు నోరు శుభ్రముగా నుండవలెనను నియమము తొలివేళను కాపాడినదని నాకు తోచుచున్నది. రెండవ వేళకు అట్టి కావలి ఏదియు లేదు. రాత్రి భోజనము చేసి పుక్కిలించి పడుకొనుటయే మనకు ఆచారమైనది.

నేటి విజ్ఞానము మాత్రము ఆ జారిపోయిన వేళకే ఎక్కువ ప్రాధాన్యము నిచ్చుచున్నది. కారణమిది. పాచిలోని ప్రాణులకు చక్కెర అన్నము. మనము తీపి తిన్న కొన్ని నిమిషములకే అవి దానిని ఆమ్లముగా మార్చును; ఆ ఆమ్లము ఎనామెలులోని సున్నపుపదార్థమును కరగించును. పగటివేళ లాలాజలము ఆ ఆమ్లమును కడిగివేసి, అరగంట గంట కాలములో పంటికి పోయిన పదార్థమును కొంత మరల చేర్చును. ఎనామెలును మరల నిర్మింపజాలని దేహము, దెబ్బ పైపైన యున్నంతవరకు ఇట్లు మరమ్మతు చేసికొనుచున్నది. నిద్రలో లాలాజలము చాలవరకు ఊరదు. రాత్రి పాయసము త్రాగి పడుకొన్నవాని నోటిలో కావలివాడు నిద్రించును, దొంగలు మేల్కొనియుందురు. రాత్రి పూట పళ్ళు తోముకొనుట ఎవరికో చూపుటకు గాదు. ఎవరును చూడని ఆరేడు గంటలకొరకు.

పతంజలి నియమములలో మొదటిది శౌచము. దాని ఫలములను చెప్పునపుడు ఆయన చిత్తశుద్ధిని, దానినుండి సౌమనస్యమును, దానినుండి ఏకాగ్రతను వరుసగా పేర్కొనెను. సౌమనస్యమనగా మనస్సు ప్రసన్నముగా నుండుట. నవ్వునకు పుట్టిల్లు అదియే. శౌచమునుండి ప్రసన్నత వచ్చునని ఆయన చెప్పెను. ఆ శౌచమునకు సాక్షులుండవలెనని ఎచ్చటను చెప్పలేదు. అమ్మమ్మగారి ప్రశ్నకు నేనానాడు ఇట్లే బదులు చెప్పగా, ఆమె, "అయితే వాడి మాటే నెగ్గిందన్నమాట" అని మనుమని తల నిమిరెను.

ఆచరణమును గూర్చి కొంచెము. బ్రష్షు వెండ్రుకలు మెత్తనివై యుండవలెను. గట్టివి ఎక్కువ శుభ్రము చేయునను భ్రమ తోముట యను మాటనుండి పుట్టినదే. పూర్వము బ్రష్షులను పందివెండ్రుకలతో చేసెడివారు. మన పెద్దలు వానిని ముట్టకుండుటకు అదియొక కారణము. 1938నుండి నైలాను వచ్చినది కావున ఆ సంకోచము నేడక్కరలేదు. బ్రష్షును పంటికిని చిగురునకును కలియుచోట కొంచెము ఏటవాలుగా నానించి, చిన్న చిన్న కదలికలతో, రెండుమూడు పళ్ళకొకచోటుగా సాగవలెను. ఇరువదవ శతాబ్ది మధ్యమున అమెరికా దేశస్థుడైన చార్లెస్ బాస్ అను వైద్యుడు ప్రచారమునకు తెచ్చిన పద్ధతి యిది. ఒక్కొక్క పంటిని వేరుగా చూచుకొమ్మన్న సుశ్రుతుని మాటకు ఇది దూరము గాదు. పళ్ళ వెలుపలి ముఖము, లోపలి ముఖము, దవడపళ్ళ నమలుతలము, అన్నిటికిని కలిపి రెండు నిమిషములు పట్టును. అద్దము ముందు నిలిచి ముందుపళ్ళను మాత్రము రుద్దువారు చూపుటకు రుద్దుచున్నారు. పుచ్చుట సాధారణముగా వెనుకపళ్ళలో మొదలగును.

ఫ్లోరైడు గల పేస్టు పంటిని ఆమ్లమునకు ఎదురొడ్డునట్లు గట్టిపరచును. పదిలక్షల పాళ్ళలో 1000 నుండి 1500 పాళ్ళ ఫ్లోరైడు గలది తగినది, గొట్టముపై వ్రాసియుండును. పెద్దలకు బ్రష్షు నిండుగా అక్కరలేదు, సెనగగింజంత చాలును. మూడేండ్లలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆరేండ్లలోపువారికి బఠానీగింజంత. వారు మింగకుండ పెద్దలు దగ్గర నుండవలెను. తోముకొన్న పిమ్మట నురుగును ఉమ్మివేసి, బిందెడు నీటితో పుక్కిలింపక అట్లే పడుకొన్నచో ఆ ఫ్లోరైడు రాత్రియంతయు పంటినంటి పనిచేయును. ఇది మనవారికి కొంత అసహ్యముగా తోచును. నాలుగు రాత్రులలో అలవడును. పళ్ళసందులకు దారముగాని, సందులలో దూరు చిన్న కుంచెగాని కావలెను. లీవెన్‌హుక్ ఉప్పు చేరనిచోటు అదియే. బ్రష్షును మూడు నాలుగు మాసముల కొకసారి మార్చవలెను.

నాలుకబద్దను మనము విడువలేదు, సంతోషము. చరకుడు బంగారు, వెండి, రాగి మొదలైన లోహములతో, పదునులేని వంపుగల బద్దలను చెప్పెను. మన పల్లెలలో తాటాకు చీలిక ఆ పని చేసెడిది. నోటి దుర్వాసనకు ముఖ్యస్థానము నాలుక వెనుకభాగమున పట్టు పొర. పాశ్చాత్యదేశములవారు ఇటీవల ఈ పరికరమును క్రొత్తగా కొనుచుండుట చూచి మనము గర్వింపనక్కరలేదు. వారు రాత్రి పళ్ళు తోముకొనుటను విడువలేదు గదా.

పందుంపుల్లను విడువుమని నేను చెప్పను. లేత వేపపుల్ల కొనను బాగుగా నమలి కుంచె చేసి, చిగుళ్ళను గాయపరచక వాడినచో ఉదయమునకు అది మంచిదే. పళ్ళ లోపలి ముఖములను అది సరిగా చేరదు, ఫ్లోరైడు అందులో లేదు. కావున రాత్రి బ్రష్షు. కచ్చికను మాత్రము ఇక సెలవీయవచ్చును.

తెల్లదనమునుగూర్చి మరియొక సంగతి చెప్పక తప్పదు, ఏలన ఇది తెలుగుదేశమునకు ప్రత్యేకముగా సంబంధించినది. మదరాసు రాజధానిలో నెల్లూరు జిల్లాయందలి కొన్ని గ్రామములవారి పళ్ళపై మచ్చలు, ఎముకల వైకల్యము త్రాగునీటిలోని ఫ్లోరైడువలన కలుగుచున్నవని వైద్యులు 1937లో ప్రకటించిరి. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ మొదలైన ప్రాంతముల కథ అందరెరిగినదే. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉన్న నీటిని పసితనమునుండి త్రాగిన పిల్లలకు, చిగురులోపల పన్ను రూపొందుచున్నపుడే ఎనామెలు చెడును. పన్ను బయటికి వచ్చునప్పటికే దానిపై సున్నపుచారలో, గోధుమవన్నె మరకలో యుండును. పేస్టునందు మేలుచేయునదే నీటిలో మితిమీరి కీడుచేయుచున్నది. ఎనిమిదేండ్లలోపు త్రాగిన నీటిదే యీ ప్రభావము. పెద్దయైన పిమ్మట క్రొత్తగా రాదు.

ఆ మరకలు పాచి కావు, గార కావు, మురికి కానేకావు. ఏ పొడితో రుద్దినను పోవు. ఆ సంగతి తెలియని ఉపాధ్యాయుడు పళ్ళు తోముకొని రమ్మని తరగతిలో మందలించిన పిల్ల, పిదప జీవితమంతయు చేయి అడ్డుపెట్టుకొనియే నవ్వును. ఆ పిల్ల పళ్ళు ప్రకటనలలోని పళ్ళకంటె శుభ్రముగా నుండవచ్చును. తెలుపును శుభ్రతగా నెంచుటలోని దోషము ఇంత దూరము పోవును. తేలికపాటి మరకలను దంతవైద్యులు పైపొరను సన్నగా సవరించి తగ్గింపగలరు, లోతైనవానికి పైన పూతయో పలుచని తొడుగో వేయగలరు. నీటి విషయమున 1970 దశకమున నాగపురమునందలి జాతీయ పరిశోధనసంస్థవారు పటిక, సున్నము వేసి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని రూపొందించిరి. దానికి లోకమున నల్లగొండ పద్ధతియనియే పేరు. పిమ్మట కృష్ణాజలములు ఆ గ్రామములకు వచ్చినవి.

పొగాకు సంగతి రెండు మాటలు. పొగాకు కలిపిన పళ్ళపొడులను, పేస్టులను 1992లో భారతప్రభుత్వము నిషేధించెను. అయినను పొగాకుపొడితో పళ్ళు తోముకొన్న హాయిగా నుండునని వాడువారు నేటికిని కలరు. ఆ హాయి వ్యసనముయొక్క హాయి. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములలో చుట్టను కాలెడు కొన లోపలికి పెట్టి పీల్చు అడ్డపొగ అలవాటు, ముఖ్యముగా స్త్రీలలో, తరతరములుగా నుండెను. అంగిటిపై పుట్టు క్యాన్సరుకు దానికిగల సంబంధమును పరిశోధకులు 1971లో శ్రీకాకుళము జిల్లాలో పదివేలమందికి పైగా గ్రామస్థులను పరీక్షించి ప్రకటించిరి. నోటిలో తెల్లనిదిగాని ఎర్రనిదిగాని మచ్చ, మానని పుండు రెండు వారములకు మించి యున్నచో ఆలస్యము చేయరాదు. పుదుచ్చేరివారికి గోరిమేడునందు 1990లో స్థాపింపబడిన ప్రభుత్వ దంతవైద్యకళాశాల కలదు. నేడది మహాత్మాగాంధీ పేర స్నాతకోత్తర సంస్థగా నున్నది.

పాలపళ్ళు ఊడిపోవునవే గదా యని ఉపేక్షించుట తల్లులకు పరిపాటి. చక్కెర కలిపిన పాలసీసాను నోటనుంచుకొని నిద్రించు బిడ్డకు ముందుపళ్ళు రెండేండ్లకే పిప్పిపళ్ళగును. పాలపన్ను రాబోవు పంటికి చోటు కాపాడుచున్నది. అది ముందే పోయినచో తరువాతిది వంకరగా వచ్చును. తీపిని పూర్తిగా మాన్పుట సాధ్యము కాదు, పండుగలున్నవి, ప్రసాదమున్నది. తిన్న తీపి ఎంతయన్నదానికంటె దినమునకు ఎన్నిసార్లన్నదే పంటికి ముఖ్యము. భోజనముతోబాటు తిన్న లడ్డు కంటె, గంటకొకసారి నోటవేసికొను చిన్న పిప్పరమెంటు బిళ్ళ ఎక్కువ చెరుపు చేయును.

కట్టుడుపళ్ళవారును రాత్రి వేళను మరువరాదు. పళ్ళను తీసి, మెత్తని బ్రష్షుతో కడిగి, నీటిలో నుంచి పడుకొనవలెను. చిగుళ్ళను తడిగుడ్డతో తుడువవలెను.

ఏకాదశినాడు పళ్ళు తోముకొనవచ్చునా యని కొందరు భక్తులు అడుగుచుందురు. ధర్మశాస్త్రములు కొన్ని తిథులలో దంతకాష్ఠమును నిషేధించిన మాట నిజమే. ఆ దినములలో పండ్రెండు పుక్కిళ్ళు నీటితో నోటిని శుద్ధిచేసికొనుమని చెప్పినవి గనుక, నిషేధము పుల్లకేగాని శుద్ధికి గాదు. నైలాను బ్రష్షు కాష్ఠము గాదు; పేస్టు మింగునది గాదు, ఉమ్మివేయునది. ఉపవాసమున్న నోరు ఎండి, లాలాజలము తగ్గి, పాచి త్వరగా పెరుగును. నీరుకూడ ముట్టని నియమముగలవారు సూర్యోదయమునకు ముందొకసారి, మరునాడు పారణ చేసిన రాత్రి మరల ఒకసారి తోముకొనిన నియమమునకు భంగము రాదు.